బావి సంగతి

సంధులు విడగొట్టి బతికినవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్ళకు పైగా నల్లబల్ల మీద ఒక మాట రాయడం, దాని నడుం విరవడం, మధ్యలో కూడిక గుర్తు పెట్టడం, నెలాఖరున జీతం తీసుకోవడం. ఇదీ నా వృత్తి. అలాంటివాణ్ణి 1990లో, బళ్ళారిలో, రెండంటే రెండు వాక్యాల్ని ఎక్కడ విరవాలో, విరిస్తే చేతికి ఏమొస్తుందో తెలియక అయిదు నెలలు ఉప్పునీళ్ళతో స్నానం చేశాను. ఒక పెద్దావిడకి నిద్ర లేకుండా చేశాను. మా ఆవిడకి ఇందులో కొంత చెప్పాను. బావి సంగతి మాత్రం దాచాను.

మాది తెనాలి దగ్గర పల్లె. కాలవ గట్టున పుట్టినవాడికి నీళ్ళంటే లెక్క ఉండదు. మా వైపు పండితుడికి తక్కిన తెలుగులన్నా అంతే. బళ్ళారిలో ఒక తెలుగు బడికి పండితుడు కావాలంటే బయల్దేరాను. బస్సులో నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను: పరాయి రాష్ట్రం గాని పరాయి ఊరు కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ నడిపిన ఊరు. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాసిన ఊరు. రాఘవకి ఇంటిపేరులా అతుక్కుపోయిన ఊరు. తెలుగు నాటకం అక్కడ నడక నేర్చింది, ఇక నాకు నేర్చుకునేది ఏముంటుంది? ఆ రాఘవ తెలుగులో ఎంత బాగా నటించాడో కన్నడంలోనూ అంత బాగా నటించాడన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ దాన్ని ఆయన గొప్పతనంగా లెక్కేసుకున్నానే గాని, ఆ ఊరి గాలి అలాంటిదని అనుకోలేదు.

కౌల్ బజారు దగ్గర ఒక సందులో గది దొరికింది. పెరట్లో పాత బావి, బావిని ఆనుకుని నా గది. ఇంటి పెద్దావిడని అందరూ అవ్వ అనేవారు. ఆవిడ పుట్టిల్లు హూవిన హడగలి వైపు, మాట పూర్తిగా ఆ వైపు కన్నడం. తెలుగు అర్థమయ్యేది, అవసరమైతే నాలుగు ముక్కలు మాట్లాడేది. ఆవిడ దగ్గర కూతురి కొడుకొకడు ఉండేవాడు, పదకొండేళ్ళవాడు. వాడి తండ్రిది ఆలూరు వైపు తెలుగు కుటుంబం కనక మా బళ్ళోనే ఆరో తరగతిలో వేశారు. వాడు ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. అతుకు ఎక్కడ వేశాడో వాడికీ తెలిసేది కాదు.

మొదటి తప్పు నీళ్ళ దగ్గర.

మా సందుకి కొళాయి నీళ్ళు వారానికో పది రోజులకో ఒకసారి వచ్చేవి, అదీ తెల్లవారకముందు. వచ్చినప్పుడల్లా ఈ కుర్రవాడు సందు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెడుతూ “నీరు బందైతీ!” అని కేకపెట్టేవాడు. నాకు సగం నిద్రలో వినబడేది. నీరు తెలుగు మాటే. బందు తెలుగు మాటే, పారశీకం నుంచి వచ్చినా మనింట్లో స్థిరపడిపోయింది. ఐతి అంటే అయింది కాబోలు, ఈ సీమవాళ్ళ యాస. నీళ్ళు బందు అయ్యాయట. లేచి ఏం లాభం? దుప్పటి ముసుగు పెట్టుకుని అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఏడింటికి లేచి కొళాయి తిప్పితే చుక్క ఉండేది కాదు. నేను విన్నది నిజమే అని రుజువయ్యేది. తప్పుకి ఇంత నమ్మకమైన సాక్షి దొరకడం అరుదు. బిందె పట్టుకుని సందు చివరి బోరింగుకి వెళ్ళి ఉప్పునీళ్ళు కొట్టుకొచ్చుకునేవాణ్ణి. ఒకసారి ఆ కుర్రవాణ్ణి పిలిచి, “నీరు కాదురా, నీళ్ళు అనాలి. బందైతి కాదు, బందయ్యాయి. బహువచనం” అని చెప్పాను కూడా. వాడు నా వంక చాలాసేపు చూసి తలూపాడు. పంతులుకి ఎదురుచెప్పకూడదని వాళ్ళవ్వ నేర్పినట్టుంది.

రెండో తప్పు ఇంకా లోతైనది. బావి లోతు.

రోజూ రాత్రి ఎనిమిదింటికి అవ్వ పెరటి గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, రాగం తీసినట్టు ఒక మాట అనేది: “ఊటాతేన్రి మేష్ట్రే?” మేష్ట్రే అంటే నేను. అంతవరకు ఢోకా లేదు. తక్కినదాన్ని నా శాస్త్రప్రకారం విడగొట్టాను. ఊట. తేన్రి. సీమలో తేండి అనడానికి తేన్రి అంటారు కాబోలు. ఊట తేండి. ఎదురుగా ఎండిపోయిన బావి ఉంది. బావి పక్కన ఉంటున్నది నేను. ఊట పడిందేమో చూసి, ఉంటే ఒక చేద తెచ్చిపెట్టమంటున్నది పాపం, ముసలావిడ. నేను మర్యాదగా లేచి, బావి గట్టు మీద చేతులాన్చి, నడుం వంచి, చీకట్లోకి తొంగిచూసి, నిట్టూర్చి, “ఎక్కడమ్మా, ఇంకా లేదు” అనేవాణ్ణి.

కాసేపటికి ఒక పళ్ళెం వచ్చేది. జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, ఒక్కోరోజు ఎణ్ణెగాయి, అంటే మన గుత్తివంకాయకి వరసకి అక్క. ఈ ఇల్లు ఎంత మంచిది, ఊట లేదని చెప్పినందుకే రొట్టెలు పెడుతున్నారు అనుకుని తినేవాణ్ణి. నా వంట నేను అప్పటికే తిని ఉన్నా సరే, తినేవాణ్ణి. ఒకరోజు ఇక చాలు అని వారించబోతే ఆవిడ, “సాకా?” అని అడిగింది. సాకు ఏమీ కాదమ్మా, నిజంగానే కడుపు నిండింది అని ప్రమాణం చేశాను. కన్నడంలో సాకు అంటే చాలు అని తర్వాత తెలిసింది. ఇది చిన్నది, పోనివ్వండి.

దసరా దాటాక ఆ కుర్రవాడు రాత్రిపూట చాప, దిండు తెచ్చుకుని నా గది గుమ్మంలో పడుకోవడం మొదలుపెట్టాడు. నాకు గర్వంగా ఉండేది. పద్యాలు వినడానికి వస్తున్నాడనుకున్నాను. గజేంద్రమోక్షం మొదలుపెట్టేవాణ్ణి. వాడు రెండో పద్యానికే నిద్రపోయేవాడు, కాని నేను దాహానికి లేచినా చాలు, చటుక్కున లేచి కూర్చునేవాడు. శిష్యుడంటే వీడు అనుకున్నాను.

ఈ శిష్యుణ్ణే అంతకు ముందు ఒకరోజు క్లాసులో బెంచీ ఎక్కించాను. అన్నదమ్ములు అనే మాట విడదీయమంటే వాడు అన్న, దమ్ములు అని విడదీశాడు. “దమ్ములేమిట్రా?” అంటే, “అన్నకుండే దమ్ములు సార్” అన్నాడు. క్లాసు నవ్వింది. నేను అందరికంటే పెద్దగా నవ్వాను. గసడదవాదేశం వాడికి అయిదుసార్లు చెప్పించాను: ద్వంద్వ సమాసంలో తమ్ములు దమ్ములవుతారు, కూరకి కాయ తగిలితే కూరగాయ అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం రాసి నూట ముప్ఫై ఏళ్ళు దాటిందిరా, నీకింకా అందలేదా అన్నాను. ఆ రాత్రే ఎణ్ణెగాయి తిన్నాను. ఎణ్ణెకి కాయి తగిలి గాయి అయిందని, ఆదేశసంధి నా పళ్ళెంలోనే నూనె ఓడుతూ కూర్చుందని నాకు తోచలేదు. ఆ కుర్రవాడు మాత్రం ఏం తప్పు చేశాడు? తనకి తెలిసిన మాట ఎక్కడ దొరికితే అక్కడ కోశాడు. నేను ఊట దగ్గర చేసిందీ అదే. కాకపోతే నన్ను బెంచీ ఎక్కించేవాళ్ళు లేరు.

నవంబరులో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒకరాత్రి తెల్లవారుజాము దాకా మేలుకున్నాను. ఇక పడుకుని ప్రయోజనం లేదు, ముందే పోతే బోరింగు దగ్గర వరస ఉండదని బిందె పట్టుకుని వీధిలోకి వచ్చాను. అప్పుడే కేక. నీరు బందైతీ. తలుపులు ధడధడా తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, డబ్బాలు బయటికొచ్చాయి. ఆడవాళ్ళు కొళాయిల దగ్గరికి పరుగెత్తుతున్నారు. నేనొక్కణ్ణి వాళ్ళకి ఎదురు దిక్కున, బోరింగుకేసి నడుస్తున్నాను. బందైన కొళాయి దగ్గర వీళ్ళకేం పని అని జాలిపడుతూ.

కుర్రవాడు ఎదురొచ్చాడు.

“యాడికి పోతాండారు సార్?”

“బోరింగుకి. ఇవాళా బందేగా.”

“నీళ్ళు ఒచ్చినాయి గదా సార్!”

“బందైందని నువ్వే కదరా అరిచావు?”

వాడు ఆగిపోయాడు. అయిదు నెలల సంగతి వాడి ముఖంలో ఒక్కొక్కటే వెలిగింది, బహువచనంతో సహా. అప్పుడు చాలా మర్యాదగా, నేను చేసినట్టే, గాలిలో వేలితో కూడిక గుర్తు గీసి చెప్పాడు: “బందు. ఐతి. బందు అంటే ఒచ్చి సార్. ఐతి అంటే ఉంది. ఒచ్చి ఉంది.”

ఉకారం మీద అచ్చు వచ్చింది, ఉకారం రాలింది. నేను చెప్పే మొదటి పాఠం. కత్తి సరైన చోటే పడింది, ముక్క మాత్రం పొరుగింటిది.

ఆ ఊపులో, సిగ్గు ఎలాగూ పోయింది కదా అని, ఊట సంగతి కూడా అడిగేశాను. వాడు బిందె కింద పెట్టి మరీ నవ్వాడు. ఊట అంటే కన్నడంలో భోజనం. ఊట, ఆతు, ఏను, రీ: భోజనం అయిందా అండీ? నేను తేన్రి అని తుంచుకున్న దాంట్లో ఒక క్రియ తోక, ఒక ప్రశ్న, ఒక గౌరవం మూడూ ఇరుక్కుని ఉన్నాయి. ఆవిడ అండీ అంటున్న సంగతి కూడా నాకు అందలేదు.

“మరి అవ్వ ఏమనుకుంది?” అన్నాను.

వాడు నవ్వు ఆపాడు. “మా అవ్వ భయపడింది సార్. భోజనమైందా అంటే మీరు బావిలోకి చూసి, ఉసూరంటూ, ఇంకా లేదంటారు గదా. దినామూ అట్లే. ఒంటరి మనిషి, తిండి లేదు, బావి చూస్తాడు అని. అందుకే నన్ను మీ గుమ్మంలో పండుకోమనింది.”

గజేంద్రమోక్షం కోసం కాదన్నమాట. కాపలాకి.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, పదవీ విరమణ అయ్యాక, ఈ వెధవాయితనానికి ఏదైనా పెద్ద పేరుందేమోనని చదవడం మొదలుపెట్టాను. ఉంది. పేరు కంటే నన్ను నిలబెట్టేసింది ఒక మామూలు సంగతి: మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఉందనిపించడం చెవి మనకి చేసిపెట్టే ఉపకారం. అసలు నిశ్శబ్దం మాటల నడుమ కంటే మాటల కడుపులో ఎక్కువ. పప్పు అనండి. మధ్యలో పెదవులు మూతపడి ఒక్క క్షణం చప్పుడే ఉండదు. అత్త, అక్క, చెట్టు, అన్నిటి మధ్యా ఆ గొయ్యి ఉంది. అదే పప్పు ఉడికింది అనండి, పప్పుడికింది అవుతుంది. పప్పుకీ ఉడకడానికీ నడుమ గొయ్యి లేదు. శబ్దాన్ని గీతలుగా గీసే యంత్రానికి ఇది వినిపించి, ఖాళీ ఉన్నచోట కొయ్యమంటే పప్పుని రెండు ముక్కలు చేస్తుంది, ఉడకడాన్ని పప్పుకే వదిలేస్తుంది. మన పూర్వులు తాటాకు మీద రాసింది నిజానికి మాట్లాడినట్టే రాసింది. గంటం మాటల మధ్య జాగా వదలకుండా ఆకు చివరిదాకా పోయేది, విరుచుకోవడం చదివేవాడి బాధ్యత. అచ్చుపుస్తకాల్లో పెరిగిన నాబోటివాళ్ళు ఆ జాగాలు నోట్లోనే ఉన్నాయని నమ్మారు.

మరి పసిపిల్లలు ఎలా విరుస్తారు? 1996లో అమెరికాలో జెన్నీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాల వరసని ఎక్కడా ఆపకుండా, ఎక్కడా నొక్కకుండా రెండే రెండు నిమిషాలు వినిపించారు. ఆ వరసలో మూడేసి అక్షరాల ఉత్తుత్తి మాటలు కొన్ని మళ్ళీ మళ్ళీ వస్తాయి. పిల్లలు వాటిని, మాటల సరిహద్దు దాటి కలిసిన అక్షరాల నుంచి వేరుచేసి గుర్తుపట్టారు. మనింట్లో చూడండి: బంగారుతల్లి, చిట్టితల్లి, మాతల్లి అంటాం. త తర్వాత ల్లి తప్పకుండా వస్తుంది. త ముందు మాత్రం ఒకసారి రు, ఒకసారి ట్టి, ఒకసారి మా. ఏ అక్షరం తర్వాత ఏది వస్తుందో ఊహకి అందనిచోట అతుకు ఉంటుందని పిల్లలు లెక్క కడతారు, ఎవరూ నేర్పకుండా. వాళ్ళ దగ్గర మాటలు లేవు, అందుకని అక్షరాలు వింటారు. నా దగ్గర నిఘంటువు నిండా మాటలు ఉన్నాయి, అందుకని ఆ సందులో ఎవరు నోరు తెరిచినా నాకు నా నిఘంటువే వినబడేది.

ఇంకొకటి చదివి మాత్రం చాలా సంతోషించాను, నాకు కాస్త పరువు మిగిల్చినట్టు. ఇంగ్లీషు వినేవాళ్ళు నొక్కి పలికిన చోట మాట మొదలైందనుకుంటారట. ఫ్రెంచివాళ్ళు అక్షరం అక్షరంగా కోసుకుంటారట. 2007లో లలితా మూర్తి, తకాషి ఒటాకె, ఆన్ కట్లర్ అచ్చు వేసిన పరిశోధనలో తెలుగువాళ్ళ చెవిని జపానువాళ్ళ చెవి పక్కన పెట్టి చూశారు. రెండు భాషలకీ చుట్టరికం లేదు, కాని లయ ఒకటే. రెండూ మాత్రలతో నడుస్తాయి, ఒకరి మాటల్ని ఇంకొకరు విన్నా చెవి తన ఇంటి పద్ధతిలోనే కోస్తుంది. లఘువుకి ఒకటి, గురువుకి రెండు అని నేను బల్ల మీద బెత్తంతో కొట్టి చెప్పింది ఛందస్సు ఒక్కటే కాదన్నమాట. పిల్లలు ఆ లెక్క చెవిలో పెట్టుకునే బడికి వచ్చారు. కన్నడ ఛందస్సుకీ అదే మాత్రల లెక్క. అంటే లయ విషయంలో అవ్వ చెవీ నా చెవీ ఒక్క కొలతవే. లయ కుదిరింది కాబట్టే నాకంత ధీమా వచ్చింది. పూర్తిగా తెలియని భాష అయితే తెలియదని తెలిసేది. ఇది సగం నా ఇల్లే, అందుకని గుమ్మం అనుకుని గోడకి కొట్టుకున్నాను.

ఈ తికమక బళ్ళారికి కొత్త కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. క్యాంప్‌బెల్ తర్వాత బళ్ళారికి కలెక్టరయ్యాడు. 1823లో జిల్లాలోని వీధిబళ్ళ లెక్క రాసి పంపాడు: మొత్తం 533 బళ్ళు, అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. తొమ్మిది బళ్ళ తేడా. ఆ నివేదికలోనే ఆయన ఇంకో మాట అన్నాడు. పిల్లలు పద్యాలు ధారాళంగా వల్లిస్తారు గాని, వాటి భాష మాట్లాడే భాష కాదు కనక అర్థం చిలకకి తెలిసినంతే తెలుస్తుందని. ఇది చదివినప్పుడు నాకు మొదట దొరమీద కోపం వచ్చింది, తర్వాత నా గుమ్మంలో రెండో పద్యానికే నిద్రపోయే కుర్రవాడు గుర్తొచ్చాడు. పద్యంలో మాట ఒక పాదంలో మొదలై ఇంకో పాదంలో తెగుతుంది. స్టేజీ మీద పాడేవాడు రాగం ఎక్కడ తియ్యాలనిపిస్తే అక్కడ తీస్తాడు, మాట మధ్యలోనైనా సరే. వినేవాడు విరుచుకోవాలి. ఆ కుర్రవాడు నిద్రపోవడమే నయం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఈ జిల్లాని కూడా విరిచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి ఊరు అటు పోయింది. బళ్ళారి తాలూకా ఎవరిదో తేల్చడానికి జస్టిస్ మిశ్రా కమిషన్ వెయ్యవలసి వచ్చింది. ఆలూరు తండ్రి, హడగలి అమ్మమ్మ ఉన్న కుర్రవాడి నోట్లో కూడిక గుర్తు ఎక్కడ పెట్టాలో వాళ్ళూ నాలాగే తంటాలు పడి ఉంటారు.

నా ఊట సంగతి బయటపడ్డ మర్నాడు రాత్రి ఎనిమిదయింది. అవ్వ గుమ్మంలోకి వచ్చింది. ఊటాతేన్రి అనలేదు. చెవిటివాడితో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటకీ మధ్య అర ఫర్లాంగు జాగా వదిలి, తెలుగులో అడిగింది: “అన్నం. తిన్నారా. సార్.” మేష్ట్రే కూడా పోయింది. తిన్నానమ్మా అన్నాను. మంచిది అని లోపలికి వెళ్ళింది. రొట్టెలు రాలేదు. కుర్రవాడి చాప కూడా రాలేదు. అలా పదిరోజులు గడిచాయి. ఆ పదిరోజుల్లో ఒక తెల్లవారుజామున అందరితో పాటు నేనూ కొళాయి దగ్గర నిలబడి రెండు బిందెల తుంగభద్ర నీళ్ళు పట్టుకున్నాను, కాని నాకు ఆ ఇంట్లో ఏదో తెగినట్టే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. రాత్రంతా సాధన చేసి ఉన్నాను. ఎక్కడా జాగా వదలకుండా, రాగం కూడా కలిపి, ఒక్క ఊపిరిలో అన్నాను: “ఊటాతేన్రవ్వా?”

పెనం మీద నుంచి రొట్టె తీస్తున్న ఆవిడ తల కూడా ఎత్తకుండా, మనవడితో అన్నంత వేగంగా, “ఇన్నాఇల్రిబర్రికూడ్రి” అంది.

ఎక్కడ విరవాలో తెలియలేదు. అడగలేదు కూడా. ఆవిడ కాలితో పీట ఇటు జరిపింది. కూర్చున్నాను.